పైలం ఎవరు?

మహబూబాబాద్‌లో రైలుకు ఇంకా టైముందని స్టేషన్ దగ్గరి మైదానానికి వెళ్లాను. ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. మైదానం అంచు గీత పక్కన నిలబడ్డ నెరిసిన గడ్డం కోచ్ "పైలం! పైలం!" అని ఒకటే అరుపు.

"పైలం ఎవరండీ? బాగా ఆడుతుందా?" అని అడిగాను. మాది భీమవరం. ఆ మాట ఎన్నడూ వినలేదు.

ఆయన పగలబడి నవ్వాడు. "పేరు గాదు సారూ. జాగ్రత్త అన్నట్టు. మా డిఫెండర్లకు చెప్తున్న."

ఆయనా ఒకప్పుడు డిఫెండరేనట. గోవా, కలకత్తా, ఏ క్లబ్బు పిలిస్తే అక్కడికి పోయి ఆడాడు. అన్నేళ్లలో ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

"బాధనిపించలేదా?"

"ఎందుకు సారూ? గోల్ గొట్టినోని పేరు పేపర్ల వస్తది. ఆపినోన్ని గోల్‌కీపర్ మర్వడు. గంతే సాలు."

అంతలో అవతలి జట్టు పిల్ల బంతితో దూసుకొచ్చింది. ఈయన జట్టులోని ఒక బక్కపిల్ల అడ్డంపడి బంతిని బయటికి తన్నేసింది. చూసేవాళ్లెవరూ పట్టించుకోలేదు. ఆయనొక్కడే చప్పట్లు కొట్టాడు. నేనూ కలిశాను.

రైలు టైమైందని బయల్దేరాను. ఆయన ఆట మీంచి చూపు తిప్పకుండానే నాతో అన్నాడు:

"పైలం సారూ."