అవతలి వైపు చింతగింజ

తెలంగాణ సరిహద్దు అవతల, అడవుల మధ్య ఉన్న బీజాపూర్‌లో భద్రమ్మకు రెండు కొలువులు. ఒకటి జీతమున్నది, కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వంట. రెండోది జీతం లేనిది, ఒకరి మాట ఇంకొకరికి మోయడం. ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది రోగికి ఎక్కకపోతే భద్రమ్మ కోసం మనిషి పరుగెత్తుకొస్తాడు. బ్యాంకులో ఏ ముసలమ్మో కౌంటరు ముందు కూలబడి ఏడుస్తుంటే భద్రమ్మ కావాలి. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా సరే, గరిటె దగ్గరున్న పిల్ల చేతికిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్తుంది.

తెలుగు ఆమె తల్లి నేర్పింది. దోర్లీ పక్కింటివాళ్లతో ఆడుకుంటూ వచ్చింది. గోండీ అడవికి పోతే వచ్చింది, హల్బీ సంతలో వచ్చింది, హిందీ ఆఫీసు వరండాల్లో నిలబడి నిలబడి వచ్చింది. ఇంగ్లీషు మాత్రం రాదు. బడి మొహం చూసిన మనిషి కాదు. అయినా యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె అంత నమ్మకమైన దుబాసి ఆ జిల్లాలో ఇంకొకరు ఉన్నారంటే నేను ఒప్పుకోను.

ఎందుకంటే ఆమెకు ఒక నియమం ఉంది. ఒక మాట కలపదు, ఒక మాట తగ్గించదు. ఒకసారి ఒక ఆఫీసరు దొరగారు విసుగెత్తి, "ఈ ముసలాడికి బుర్రలేదు, బయటికి పొమ్మను" అని హిందీలో అన్నాడు. భద్రమ్మ అదే మాట, అదే విసుగుతో, గోండీలో ముసలాయనకు చెప్పింది. ఆయన తీరిగ్గా చుట్ట తీసి ఏదో అన్నాడు. భద్రమ్మ దాన్ని కూడా హిందీలో దించింది: "బుర్ర ఇంటి దగ్గర పెట్టి వచ్చాడట సార్, ఇక్కడ వాడేవాళ్లు ఎవరూ కనపడలేదని." దొరగారి మొహం చింతపులుసు తాగినట్టయింది. అప్పట్నుంచి భద్రమ్మ పక్కనుంటే ఆయన ఆచితూచి మాట్లాడతాడు.

ఈ నియమం ఆమెకు పుట్టుకతో రాలేదు. ఎట్లా వచ్చిందో హాస్టల్లో ఎవరికీ తెలియదు, మొన్న మార్చి నెల దాకా.

మార్చి అంటే అక్కడ చింతపండు రోజులు, పరీక్షల రోజులు కూడా. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వరండాలో గోనెపట్టా పరుచుకుని భద్రమ్మ చింతపండు కొట్టి గింజ తీస్తుంటుంది. పిల్లలు చుట్టూ చేరి పాఠాలు పైకి చదువుతుంటారు. చదివిన ముక్కను భద్రమ్మ ఏ పిల్లకు ఆ పిల్ల ఇంటి భాషలో చెప్పేస్తుంది. అట్లా వింటే పాఠం బుర్రలో దిగిపోతుందని పిల్లల నమ్మకం. చంద్రగుప్తుడు, ద్రవ్యోల్బణం, కిరణజన్య సంయోగక్రియ, అన్నీ ఆ గోనెపట్టా మీద దోర్లీలోకి, గోండీలోకి మారినవే.

ఆ ఆదివారం ఇద్దరే మిగిలారు. గంగే బీఏ ఆఖరి సంవత్సరం, తెలంగాణ సరిహద్దు దగ్గరి ఊరి దోర్ల పిల్ల, తెలుగు కూడా మాట్లాడుతుంది. కోసే మొదటి సంవత్సరం, గోండీ తప్ప ఇంకేదీ ధైర్యంగా మాట్లాడదు.

గంగే పుస్తకం తెరవకుండానే అసలు సంగతి బయటపెట్టింది.

"పెద్దమ్మా, శనివారం నువ్వు మా ఊరికి రావాలె. దుర్గేశ్ వస్తుండు, మా నాయనతోని మాట్లాడతడట."

దుర్గేశ్‌ను భద్రమ్మ ఎరుగును. గీదం అనే ఊరి కుర్రాడు, బీజాపూర్ రోడ్డు మీద జీపు నడుపుతాడు, నవ్వు మొహం, చక్కటి మాట.

"మాట్లాడి?"

"మాట్లాడి నన్ను తోల్కపోతడు. ఆయనకు దోర్లీ రాదు, మా నాయనకు హిందీ రాదు."

"నీకు రెండూ వచ్చు గదనే. నువ్వే చెప్పు."

"నా పెళ్లి ముచ్చట నేనే చెప్పుకుంటే నలుగురు నవ్వరా? నువ్వు చెప్పాలె. నువ్వు చెప్తే రాయైనా కరుగుద్ది."

భద్రమ్మ చేతిలో సుత్తి ఆగింది. "శనివారం పోతే సోమవారమే నీకు ఇంగ్లీషు పరీక్ష కాదా?"

"నేనుండంగ నీకు పరీక్షలెందుకు అంటుండు," అంది గంగే, సిగ్గుపడుతూ. ఆ సిగ్గులో గర్వం ఉంది. భద్రమ్మ ఆ గర్వాన్ని చూసి, మళ్లీ సుత్తి ఎత్తింది. "సరే, పరీక్షకున్న ఆ పద్యమేందో చదువు," అంది.

నూటయాభై ఏళ్ల కిందట, ఇంగ్లండును ఒక రాణి ఏలుతున్న రోజుల్లో రాసిన పద్యమట. మొదటినుంచి చివరిదాకా ఒక్క మనిషే మాట్లాడతాడు. అసలు పద్యం చదివే ఓపిక ఎవరికి? పిల్లలందరి దగ్గరా బజారులో దొరికే హిందీ కుంజీ ఉంది, పాఠానికి అర్థం రాసిచ్చే గైడు పుస్తకం. గంగే దాంట్లోంచి చదివింది, భద్రమ్మ కోసే కోసం గోండీలో చెప్పసాగింది.

ఆ మాట్లాడేది పడవలు చేసేవాడొకడు. చలికాలంలో వాళ్ల నది పైన గడ్డకట్టేస్తుంది. ఇక్కడ భద్రమ్మ ఆగి, "నది మొత్తం ఐసైతదా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది. ఆమె చూసిన ఐసు సంతలో ఆంధ్రా చేపల పెట్టెల్లో వచ్చేదే. అవతలి ఒడ్డున ఒక పిల్ల. వారం వారం ఆ ఐసు మీద నడిచి వీడి దగ్గరికి వస్తుంది. ఒకరోజు వచ్చి పట్నం వెళ్లిపోతానంటుంది. వీడు కోప్పడడు. చెయ్యి పట్టుకుని, రా, ఒడ్డు దాకా దిగబెడతానంటాడు. ఐసు ఎక్కడ పలచగా ఉందో వాడికి తెలుసు. అటే తీసుకెళ్తాడు. ఇప్పుడు రోజూ వచ్చి మళ్లీ గట్టిపడ్డ ఆ ఐసు మీద కూర్చుని, అడుగున ఉన్న ఆమెను చూస్తూ మాట్లాడతాడు. నువ్విక ఎక్కడికీ పోవు, నన్ను తప్ప ఎవరినీ చూడవు, నీ మొహంలో ఎంత నెమ్మది, నేను చేసింది నీకూ నచ్చింది కదా అంటాడు. ఎండలు రాకూడదని దేవుడికి దండం పెట్టుకుంటాడు.

"చేపల్లెక్కనా?" అని కోసే గోండీలో మెల్లగా అడిగింది. "పెట్టెలో చేపల్లెక్క, కళ్లు తెరుచుకొని ఉంటదా?"

గంగేకు చిరాకేసింది. "ప్రేమ గురించే ఇది. ఇదిగో, రాసిండు చూడు: ప్రియురాలిని కాలం చేతికి ఇవ్వని అమర ప్రేమికుడు." ఆ వాక్యాన్ని గంగే నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకుంది కూడా. ఆ కుంజీ రాసిన మహానుభావుడెవరో గానీ, కూతుళ్లు లేనివాడై ఉంటాడు.

భద్రమ్మ గోనెపట్టా వైపు చూసుకుంది. తనకు తెలియకుండానే చేతులు పని చేశాయి. కుడివైపు చింతగింజల కుప్ప ఉంది, ముప్ఫై దాకా. ఎడమవైపు ఒక్కటీ లేదు.

"ఏంది పెద్దమ్మా అది?"

"మా ఊరి పంచాయితీ పద్ధతి. రెండు పక్కల వాళ్లను కూసోబెట్టి, ఎవరు ఒక మాట చెప్తే వాళ్ల ముందర ఒక గింజ పెడతరు. పెద్దమనుషులు మర్చిపోకుండ." ఎడమవైపు ఖాళీ గోనెను అరచేత్తో రాసింది. "ఇది ఆ పిల్ల పక్క. ఆ పిల్ల ఏమన్నదో చదువు."

గంగే పేజీలు తిప్పింది. "వెళ్లిపోతా అన్నది."

"అన్నదని ఎవరు చెప్పిండ్రు?"

"ఆయనే."

"నెమ్మదిగ ఉందని?"

"ఆయనే."

"అతను చేసింది ఆమెకు నచ్చిందని?"

గంగే తలెత్తలేదు. "అదీ ఆయనే అంటుండు."

"పద్యం రాసినాయన గట్టి దుబాసి," అంది భద్రమ్మ, మనస్ఫూర్తిగా. "వీడు చెడ్డోడని ఒక్క మాట కలపలే. వీడి మాట వీడితోనే చెప్పించి, ఆ పిల్ల మాట ఏదని మనం అడగాలని ఊకున్నడు. మీ కుంజీ ఆయన అడగలే."

తర్వాత, నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ముచ్చట చెప్పింది. చేతులు మాత్రం చింతపండు మీదే ఉన్నాయి.

అప్పుడామెకు పద్దెనిమిదేళ్లు. నందే అని గోండు పిల్ల, స్నేహితురాలు. తెలుగువాళ్ల ఇంటికి కోడలుగా పోయి, ఆరు నెలలకు పుట్టింటికి పారిపోయి వచ్చింది. మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. పంచాయితీ పెట్టారు. అతనికి గోండీ రాదు, పెద్దలకు తెలుగు రాదు. భద్రమ్మను పిలిచారు. నలుగురిలో మాట్లాడటం అదే మొదలు. భద్రమ్మకు ఉత్సాహం. నందే లేక ముద్ద దిగట్లేదని అతను తెలుగులో అంటే, భద్రమ్మ దాన్ని గోండీలో పాటలాగా చెప్పింది. అతనన్నదానికన్నా తియ్యగా చెప్పింది. పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. అతని ముందు ఇరవై ఒక్క గింజలయ్యాయి. నందే తల వంచుకుని కూర్చుంది. ఆమె ముందు ఒక్కటీ లేదు. గింజలు ఎక్కువున్నవాడిదే న్యాయం అనుకున్నారు అందరూ. ఇంతగా ప్రేమించేవాడు దొరకడం అదృష్టమన్నారు. పంపించేశారు.

"తొలకరికి కబురొచ్చింది. బాయిల పడి సచ్చిపోయిందన్నరు. పడ్డదో, నూకిండో. ఆమె వీపు నిండ వాతలున్నయని తర్వాత తెలిసింది. ఏమైందే అని నేనొక్క మాట గోండీల అడిగుంటే చెప్పేది. పక్కనే కూసున్న. నా మాట బాగుందా లేదా అని చూసుకున్న గానీ, ఆమె మొహం చూడలే." భద్రమ్మ ఇంకో చింతపండు కొట్టింది. "అప్పట్నుంచి కుప్పను చూడను. ఖాళీ పక్కనే చూస్త."

గంగేకు కళ్లు ఎర్రబడ్డాయి, కానీ జాలితో కాదు. "దుర్గేశ్ అసొంటోడు కాదు."

"నేనన్నానా?"

"అనకపోయినా అన్నట్టే." పుస్తకం మూసి లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు భద్రమ్మతో మాట్లాడలేదు. శుక్రవారం వచ్చి, "రేపు వస్తవా, రావా?" అని మాత్రం అడిగింది. వస్తానంది భద్రమ్మ.

రానని ఉండొచ్చు. లేదా వెళ్లి దుర్గేశ్ మాటల్ని కాస్త వంకర తిప్పి చెప్పి, ఆ తండ్రి చేత వద్దనిపించొచ్చు. ఐదు భాషలున్న మనిషికి అదెంత పని? ఎవరికీ తెలియదు కూడా. ఆ రాత్రంతా ఆ ఆలోచన ఆమెను పీకింది. కానీ ఒకసారి మాట కలిపి ఒక ప్రాణం పోగొట్టిన మనిషి, మంచికైనా రెండోసారి కలపలేకపోయింది. పొద్దున్నే గుప్పెడు చింతగింజలు కొంగున ముడేసుకుని జీపెక్కింది.

పొజ్జా ఇంటి వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. గంగే తండ్రి అతనే, ఎండకు ఎండిన సన్నటి మనిషి, మాట తక్కువ. ఊరి పెద్దలిద్దరు వచ్చారు. దుర్గేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికీ దండాలు పెట్టి కూర్చున్నాడు. గంగే గుమ్మం పక్కన గోడకు ఆనుకుంది. భద్రమ్మ మధ్యలో కూర్చుని గింజలు విప్పింది. పొజ్జా వాటిని చూసి, "మా తాత చేసేటోడు ఇట్ల," అని మొదటిసారి నవ్వాడు.

దుర్గేశ్ బాగా మాట్లాడాడు. ఆమెను రాణిలా చూసుకుంటానన్నాడు. గింజ. ఎండలో అడుగు పెట్టనివ్వనన్నాడు. గింజ. చదువూ ఉద్యోగమూ ఆమెకు అవసరం లేదన్నాడు. ఎవరెవరో సతాయిస్తున్నారని ఆమె ఫోను తన దగ్గరే పెట్టుకున్నానన్నాడు, జేబు మీద చెయ్యేసి చూపించాడు. కళ్ల ముందు లేకపోతే పిచ్చెక్కుతుందన్నాడు. భద్రమ్మ ప్రతి మాటనూ అతని తీపితో సహా దోర్లీలో పెట్టింది. రవ్వంత తగ్గించలేదు. పెద్దలు తలలూపారు. పదిహేడు గింజలయ్యాయి.

అప్పుడామె చేతులు ఒళ్లో పెట్టుకుని, అవతలి వైపు ఖాళీ నేలను చూస్తూ ఊరుకుంది.

కాసేపటికి దుర్గేశ్ నవ్వి అన్నాడు: "ఆమెదింకేముంటుంది? నేను చెప్పిందే ఆమె మాట."

భద్రమ్మ దాన్నీ దోర్లీలో చెప్పింది, ఉన్నదున్నట్టు. పద్దెనిమిదో గింజ తీసి అతని కుప్పలోనే పెట్టింది. మళ్లీ ఖాళీ వైపు చూడసాగింది. నలభై ఏళ్ల కిందట చూడనందుకు ఇప్పుడు చూస్తున్నట్టు చూసింది. పొజ్జా కూడా అటే చూశాడు. ఒకరి తర్వాత ఒకరు పెద్దలిద్దరూ చూశారు.

గోడ దగ్గర అలికిడైంది. గంగే వచ్చి నేల మీద కూర్చుంది. భద్రమ్మ ఒడిలోంచి ఒక గింజ తీసుకుంది. దుర్గేశ్‌తో రోజూ హిందీలో మాట్లాడే పిల్ల, ఆ మాట మాత్రం తన ఇంటి భాషలో అంది.

"ఏమంటోంది? సిగ్గుపడుతోంది కదా?" అన్నాడు దుర్గేశ్.

భద్రమ్మ అతని వైపు తిరిగింది. "నా ఫోను నాకివ్వు, సోమవారం నేను పరీక్ష రాస్తున్నా, అంటోంది," అని హిందీలో చెప్పింది. ఒక మాట కలపలేదు, ఒక మాట తగ్గించలేదు. నియమం ప్రకారం అంతటితో ఆగాలి. కానీ చెప్పడం అయిపోయాక, అందరి ముందూ, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గంగే ఆమె మోకాలి మీద చెయ్యేసి, రెండో చేత్తో ఇంకో గింజ తీసుకుంది.