ముద్ర లేని పాస్‌పోర్ట్: అల్ హైల్ నుంచి బురైమికి

గల్ఫ్‌లో అక్కావాళ్లు ఉండే సరిహద్దు ఊరు బురైమి చూడాలని వెళ్లలేదు. అక్క పంపిన పుట్టినరోజు ఫొటోలో తన కూతురు, ఎనిమిదేళ్ల చిన్ని వెనక నిలబడ్డ ట్యూషన్ సారును చూశాక కాలు నిలవలేదు. జగిత్యాలలో మా వీధిలోనే ట్యూషన్లు చెప్పి, ఒక పిల్ల విషయంలో జైలుకు వెళ్లినవాడు అతడే. ఫోన్ చేస్తే అక్క కొట్టిపారేసింది. పిల్లల జోలికి పోయి శిక్షపడ్డవాళ్ల పాస్‌పోర్టులో ఆ సంగతి అచ్చు వేస్తారని వీడియోలో చూసిందట. బావ ఇతని పాస్‌పోర్ట్ ప్రతి పేజీ తిప్పి చూశాడట, ఏమీ లేదట. అది అమెరికా సంగతి, మన దగ్గర పది పాసవ్వనివాడికి విదేశంలో పనికి అనుమతి కావాలని ముద్ర వేస్తారు గానీ ఇలాంటివాడికి వెయ్యరు అని నేనంటే వింటేనా!

బస్సుకైతే నాలుగైదు రియాళ్లు, దాదాపు ఐదు గంటలు. అల్ హైల్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగేసరికి పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. వర్క్‌షాపు సామాను మోసే కడప మస్తాన్ భాయ్ వ్యాన్ బురైమికే వెళ్తుంటే ఎక్కేశాను. సొహార్ దాకా తీరం రోడ్డు, అక్కణ్నుంచి కొండల్లోకి. ట్యూషన్ సాయంత్రం ఐదింటికి. నేను గడియారం, రోడ్డు మార్చి మార్చి చూస్తుంటే ఏందమ్మా సంగతి అని అడిగాడు. చెప్పాను. సొహార్‌లో ఆగి టీ తాగడం ఆయనకు అలవాటట. ఆగలేదు.

"నాకూ ఇద్దరు ఆడపిల్లోళ్లు ఉండారు. టీదేముందిలేమ్మా, వచ్చేటప్పుడు తాగుదాం."

బురైమికి ముందు కొండల మధ్య వచ్చే వాది జిజ్జీ చెక్‌పోస్టులో పోలీసు నా పాస్‌పోర్ట్ నింపాదిగా తిరగేశాడు. అందులో ఏం దొరుకుతుందయ్యా అని అరవాలనిపించింది.

నేను చేరేసరికే సారు చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి. అక్క వంటింట్లో ఉంది, గది తలుపు మూసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడు. లేచి, చెప్పులు చేతపట్టుకుని మెట్లు దిగిపోయాడు. పాస్‌పోర్ట్ చూసినం గదా అని అక్క గొణుగుతూనే ఉంది. చిన్ని నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది:

"చిన్నమ్మా, సారు రేపు గూడ రాడు గదా?"

అక్క చేతిలో గరిటె అక్కడే పెట్టి బావకు ఫోన్ చేసింది. ఆ సాయంత్రమే బావ పోలీసుల దగ్గరికి వెళ్లాడు.

తిరుగు దారిలో కొండలు ఎలా ఉన్నాయో నేను చెప్పలేను, చూడలేదు. మనిషి గుణం కాగితంలో కనబడుతుందని మావాళ్లు ఎలా నమ్మారో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట: అసలు పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి, జిరాక్సుతో బయలుదేరకండి. చెక్‌పోస్టుకు అది చాలు. ఇంట్లో మాత్రం పిల్ల చదువుకునే గది తలుపు తీసి ఉంచండి, రోజూ పిల్లను అడగండి.