కొండి లేని తేలు

ఆ రోజుల్లో మా పల్నాడులో ఆడపిల్లకి చెవులు కుట్టించాలన్నా, పచ్చబొట్టు పొడిపించాలన్నా ఆ పిల్లని అడిగేవాళ్ళు కాదు. అడిగితే వద్దంటుంది కాబట్టి అడక్కపోవడమే మర్యాద అనుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి, డబ్బిచ్చి మరీ పొడిపించుకుంటున్నారు. మనసు మారగానే అంతకంత ఇచ్చి చెరిపించుకుంటున్నారు. మా కాలంలో పొడిపించడమే తప్ప చెరిపించడం అనే మాట లేదు. లేని పనిని ఉన్నట్టు చేయబోయి నేను పడ్డ పాట్లే ఇవి. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి బుద్ధులు చెప్పిన దాన్ని, నాకు బుద్ధి ఎలా వచ్చిందో కూడా ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.

మాది గురజాల దగ్గర పల్లె. ఇంటి గోడలు నాపరాళ్ళు, కప్పు నాపరాళ్ళు, పొలం గట్టు కూడా నాపరాళ్ళే. రాయి కదిపితే తేలు. అందుకని మా నాయనమ్మ కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేది. అది ఉంటే తేలు కుట్టదని ఆమె నమ్మకం. (కుట్టలేదా అంటే, కుట్టింది. నా ఎదురుగానే కుట్టింది. "పచ్చబొట్టు లేకపోతే ఇంకా గట్టిగా కుట్టేది గాదా?" అని ఏడుస్తూనే అంది.) నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో ఒకరోజు పచ్చబొట్లు పొడిచే ఎరుకలామె మా వీధిలోకి వచ్చింది. మా నాయనమ్మ నన్ను పట్టుకొచ్చి అరుగు మీద కూచోబెట్టి, నా కుడిచెయ్యి తన తొడ మీద పెట్టుకుని కదలకుండా అదిమింది. ఎరుకలామె దీపం మసిని ఏదో ఆకు పసరులో కలిపి, సూదుల కట్టతో టకటకా పొడుస్తుంటే నా కేకలకి ఎదురింటి గేదె తాడు తెంపుకుంది. అంతా అయ్యాక మా నాయనమ్మ పసుపూ ఆముదమూ రాసి, తన చేతిని నా చేతి పక్కన పెట్టి చూపించింది. రెండు తేళ్ళూ ఎదురెదురుగా ఉన్నాయి.

"నగలు రావు, చీరెలు రావు. చచ్చినాక మనెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనే పిల్లా," అంది. "నేను ముందుబోయి పైన కూచుంటా. నువ్వొచ్చేటప్పటికి ముసల్దానివై ఉంటావు. నాకు నీ ఈ మొహమే గుర్తుంటది గానీ ఆ ముసలి మొహం నేనెట్టా గుర్తుపట్టేది? చెయ్యి జూసి గుర్తుపడతా." నేను వెక్కుతూనే, అయితే నేను ముసలిదాన్ని కానని చెప్పాను. ఆ మాట మీద నిలబడలేకపోయాననుకోండి.

ఎనభైల్లో నేను నరసరావుపేటలో టీచర్ ట్రైనింగ్‌లో చేరాను. మా ఇంట్లో ఉద్యోగం వైపు నడిచిన మొదటి ఆడపిల్లని. హాస్టల్లో పేట పిల్లలు నా చెయ్యి చూసి "ఏందే, చేతి మీద తేలుందా!" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్ని నోటితోనే తిప్పికొట్టేదాన్ని. (నా నాలుకకి ఉన్న కొండి తేలుకి కూడా లేదని మా అమ్మ అనేది.) అసలు చిక్కు బడిలో పాఠం చెప్పే రోజున వచ్చింది. మా ట్రైనింగ్‌లో నిజమైన పిల్లలకి పాఠం చెప్పి చూపించాలి, వెనక బెంచీలో మా మాస్టారు కూచుని రాసుకుంటూ ఉంటారు. నాకు రెండో తరగతి ఇచ్చారు. పాఠం పేరు "పెంపుడు జంతువులు". గంభీరంగా బోర్డు వైపు తిరిగి, చెయ్యెత్తి "పెం" అని రాశానో లేదో, ముందు వరసలో ఒక పిల్ల "టీచరో, తేలు!" అని కెవ్వుమంది. పిల్లలంతా బెంచీలెక్కారు. వాళ్ళలో ధైర్యవంతుడు ఒకడు పరుగెత్తుకొచ్చి, నన్ను కాపాడదామని, పలకతో నా చేతి మీద ఒక్కటేశాడు. పలక పగిలింది, తేలు మాత్రం చెక్కుచెదరలేదు. అది బొమ్మేనని వాళ్ళకి నచ్చజెప్పేసరికి గంట కొట్టేశారు. మాస్టారు బయటికి వస్తూ, "పాఠం బాగానే ఉందమ్మా, తేలు మాత్రం లెసన్ ప్లాన్‌లో లేదు" అన్నారు.

నవ్వు ఆపుకుంటూనే ఆయన మరో మాట కూడా అన్నారు. ఆఖరి పాఠానికి గుంటూరు నుంచి పరీక్షాధికారి వస్తాడు, ఆయన ముందు ఇలా జరిగితే ఫెయిలే. ఫెయిలైతే ఇంటికి పోవాలి, పోతే పెళ్ళి చేస్తారు. మా నాన్న అప్పటికే ఒక సంబంధం చూసి పెట్టి, నా ఫలితం కోసం నాకంటే ఆత్రంగా ఎదురుచూస్తున్నాడు. నిండు చేతుల జాకెట్టు కుట్టించుకుందామని టైలర్ దగ్గరకి వెళితే, ఆ సాహెబు గారు ఎండవైపూ నావైపూ మార్చి మార్చి చూసి, "చలిజ్వరమా బేటీ?" అని జాలిపడ్డాడు. దాంతో జాకెట్టు ఆలోచన మానేసి, తేలునే వదిలించుకోవాలని నిశ్చయించుకున్నాను.

అప్పుడు రంగంలోకి దిగింది మా గదిలో ఉండే పిడుగురాళ్ళ పిల్ల. వాళ్ళకి సున్నపు బట్టీ ఉండేది, అందుకని ఆమెని మేమంతా "సున్నం" అనే పిలిచేవాళ్ళం. లోకంలో ఏ రోగానికైనా ఆమె దగ్గర మందు ఒకటే. "మా బట్టీ కాడ పనోళ్ళు పులిపిరికాయలకి సున్నమూ బట్టల సోడా కలిపి పెట్టుకుంటారే. రాలిపోతాయి. నీ తేలు ఒక లెక్కా?" అంది.

"పులిపిరికాయ పైన ఉంటది. ఇది లోపలుంది గదే?"

"పైనుందో లోపలుందో సున్నానికేం తెలుసు?" అంది సున్నం.

ఇంత శాస్త్రీయమైన జవాబు విన్నాక నేనింకేం అనగలను? ఆమె ఇంటికి వెళ్ళి వచ్చేటప్పుడు బట్టీలో కాల్చిన సున్నపురాయి ముక్క కాగితంలో చుట్టి తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ డాబా మీద, అందరూ అన్నాలు తిని పడుకున్నప్పుడు, పాత సత్తు గిన్నెలో నీళ్ళు పోస్తే ఆ రాయి బుసకొట్టి పొగలు కక్కింది. అప్పుడైనా పారిపోయి ఉండాల్సింది. కానీ నేను జాగ్రత్తపరురాలిని కదా! "మొత్తం వద్దులే, ముందు కొండి మీద పెట్టి చూద్దాం. బాగుంటే తల దాకా పోదాం" అన్నాను. నా జీవితంలో నేను చూపించిన జాగ్రత్తల్లో అదొక్కటే నాకు పనికొచ్చింది.

పెట్టిన కాసేపటికి మంట మొదలైంది. "మంట పుడుతుందే!" అన్నాను. "పుట్టాల. పుట్టకపోతే మందు పనిచేయనట్టు" అంది సున్నం. పైట చెంగు నోట్లో కుక్కుకుని ఓర్చుకున్నాను. ఇక ఓర్వలేక కడిగేస్తే, కొండి ఉన్న చోట తోలు ఉడికినట్టు తెల్లగా అయిపోయి ఉంది. "చూశావా, నలుపు పోయింది!" అని ఆమె చప్పట్లు కొట్టింది. మర్నాటికి అది నల్లటి పుండైంది. ఆ పుండు మీద ఆమె పసుపు పెట్టింది, పక్కగదిలో పిల్ల పళ్ళపొడి చల్లింది, వంటామె ఉల్లిపాయ కట్టమంది. అన్ని వైద్యాలూ కలిసి చీము పట్టించాయి. చెయ్యి మోచేతి దాకా వాచింది. గాజులు లోపలికి దిగిపోతుంటే పగలగొట్టారు. చంకలో బిళ్ళ కట్టింది, జ్వరం కాసింది. చివరికి వార్డెనమ్మ నన్ను రిక్షాలో వేసుకుని గవర్నమెంటాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ కట్టు విప్పి, "ఎవరమ్మా నీకీ వైద్యం చెప్పింది?" అంది. తోడొచ్చిన సున్నం వార్డెనమ్మ వెనక దాక్కుంది. "మసి తోలు మీద లేదు, తోలు అడుగున ఉంది. నేలలో పాతిన బిందె కోసం ఇంటికప్పు తగలబెడతారా ఎవరైనా? చీము ఇంకా పైకి పాకితే ఈ చెయ్యి దక్కేది కాదు." ధనుర్వాతానికి సూదేస్తూ ఇంకా తిట్టింది. నాకు ఆ తిట్లు సగమే వినబడ్డాయి. కుడిచెయ్యి అది. సుద్దముక్క పట్టుకునే చెయ్యి. దాన్ని పోగొట్టుకుని నేనేం పరీక్ష రాయను, ఏం పాఠం చెప్పను? మొట్టమొదటిసారి నాకు నిజంగా భయం వేసింది.

కబురందుకుని మా నాయనమ్మ బస్సెక్కి వచ్చింది, గుడ్డలో జొన్నరొట్టెలు కట్టుకుని. దారి పొడుగునా కండక్టర్‌ని తిడుతూ వచ్చినట్టుంది, వార్డులోకి అడుగు పెట్టేటప్పుడు కూడా అవే తిట్లు నోట్లో ఉన్నాయి. నర్సు కట్టు మారుస్తుండగా చెయ్యి చూసింది. తేలు తల ఉంది, డెక్కలున్నాయి, కాళ్ళున్నాయి. కొండి ఉండాల్సిన చోట పచ్చిపుండు. ఆమె నోరు అక్కడే ఆగిపోయింది. నా మంచం అంచున కూచుని, "ఎవరన్నా ఏమన్నారా అమ్మా, దీన్ని జూసి?" అని మాత్రం అడిగింది. నవ్వారని చెప్పాను. తలూపింది. "చెయ్యి దక్కింది. అది చాల్లే," అని రొట్టె తుంచి నాకు తినిపించింది. తన కుడిచేతిని మాత్రం కొంగులో దాచుకుని, ఎడమచేత్తో తినిపించింది. ఆమె తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టి బయటపడేదాన్ని. ఆ ఎడమచేతి ముద్ద నములుతూ ఏడ్చాను.

ఆఖరి పాఠం రోజుకి చెయ్యి కట్టులోనే ఉంది. బోర్డు మీద ఎడమచేత్తో రాస్తే అక్షరాలు తాగినవాళ్ళలా తూలాయి. పరీక్షాధికారి అది చూసి, "చేతికేమైంది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, పలక పగలగొట్టుకున్న ఆ పిల్లవాడు లేచి, "తేలండీ!" అన్నాడు. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "తేలు కుట్టినా పాఠం మానలేదా! చూడండయ్యా, పంతులు అంటే ఇలా ఉండాలి" అని మా మాస్టారుతో అన్నాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. పాసయ్యాను. మా నాన్న చూసిన సంబంధం వాళ్ళు వేరే పిల్లని చేసుకుని సుఖపడ్డారు.

మొన్న మా అమ్మాయితో గుంటూరులో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కాలేజీ రోజుల్లో మణికట్టు మీద పొడిపించుకున్న బొమ్మని లేజర్‌తో తీయించుకుంటుందట. ఆ డాక్టరు కుర్రాడే గానీ నెమ్మదస్తుడు. ఒక్కసారితో పోదని, వారాల తరబడి ఆగి ఆగి చేయాలని, బొబ్బలు రావొచ్చని, గోకితే పుండై చీము పడుతుందని, మన రంగు ఒంటి మీద తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలిపోవచ్చని ఓపిగ్గా చెప్పాడు. ఎండ తగలకూడదన్నాడు. (పల్నాడు మనుషులకి ఎండ తగలకూడదంటే ఇంక ఊరు మారాల్సిందే.) ఫోన్లో చూసి ఏవో క్రీములు తెప్పించుకుని పూసుకున్నవాళ్ళు కాలిన చేతులతో వస్తున్నారనీ చెప్పాడు. సున్నం పిల్ల ఒక్కతే అనుకున్నాను, ఇప్పుడామె ఫోన్లోకి కూడా చేరిందన్నమాట. మాటల మధ్యలో ఆయన చూపు నా చేతి మీద పడింది. షుగరుందా అని అడిగితే ఉందన్నాను. "కాలిన మచ్చ కాబట్టి అక్కడ చర్మం ఉబ్బెత్తుగా లేచే ప్రమాదం ఎక్కువ, మీకు షుగర్ కూడా ఉంది, మానడం ఆలస్యమవుతుంది. కావాలంటే మచ్చ వదిలేసి మిగతా బొమ్మ మాత్రం నెమ్మదిగా ప్రయత్నించొచ్చు" అన్నాడు. "తీయించుకో అమ్మా, ఇన్నాళ్ళకి పీడా పోతుంది" అంది మా అమ్మాయి.

నాకు మా నాయనమ్మ చివరి రోజులు గుర్తొచ్చాయి. అప్పటికి ఆమెకి చూపు ఆనడం లేదు. మంచం పక్కన కూచుంటే నా చెయ్యి లాక్కుని, వేళ్ళతో ఆ మచ్చని తడిమి తడిమి చూసింది. ఎన్నో ఏళ్ళుగా అడగలేనిది అప్పుడు అడిగాను, "నాయనమ్మా, నా మీద కోపం పోయిందా?" అని. పళ్ళు లేని నోటితో నవ్వింది. "కోపమేందే. నేనే తెలివితక్కువదాన్ని. తేలు పొడిపించుకున్న ఆడోళ్ళు పైన చానామంది ఉండరూ? తేలు జూసి నువ్వేననుకుని ఎవతినో పిలిచి తిట్లు తినేదాన్ని. ఇప్పుడా బాధ లేదు. కొండి లేని తేలు నీకొక్కదానికే," అంది. తన చెయ్యి తెచ్చి నా చేతి పక్కన పెట్టింది.

ఇదంతా ఆ కుర్ర డాక్టరుకేం చెబుతాం? "షుగరుంది కదండీ, వద్దులెండి" అన్నాను. మా అమ్మాయి లోపలికి వెళ్ళింది, నేను బయట అద్దం ఎదురుగా కూచున్నాను. అందులో తలనెరిసిన ముసలమ్మ ఎవరో నన్నే చూస్తోంది. నన్ను నేనే పోల్చుకోవడానికి క్షణం పట్టింది. ఈ మొహం చూసి మా నాయనమ్మ మాత్రం ఏం గుర్తుపడుతుంది? ముందుగా చెయ్యే చూపించాలి అనుకుని, జాకెట్టు చెయ్యి కాస్త పైకి మడుచుకున్నాను.