రికార్డుకి రెండో వైపు

పరాయిదేశంలో మేమున్న క్రెయిగీబర్న్‌లో మా ఎదురింటి గుంటూరు అంకుల్‌కి పాత గ్రామఫోన్ రికార్డుల పిచ్చి. నూరేళ్ల కిందటి ఇంగ్లీషు పాట ఒకటి ఆయనింట్లో ప్రతి బార్బెక్యూకీ మోగాల్సిందే. అందులో చైనావాళ్లు పిలకలూపుతూ అర్థంలేని కూతలు కూస్తారు. ఆయన మహా రసికుడిలా కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేసేవాడు. ఎవరైనా మొహం చిట్లిస్తే, "జస్ట్ ఫన్ అమ్మా, అంత సెన్సిటివ్ అయితే ఎలా?" అనేవాడు.

ఓ ఆదివారం పక్కింటి చైనా ఆంటీ ముందే ఆ పాట పెట్టాడు. ఆవిడ ఆసాంతం విని, లేచి రికార్డు తిప్పి వేసింది. ఈసారి పాటలో తలపాగా హిందూవాడొకడు పామును ఆడిస్తూ దొరగారి కాళ్లకు దండాలు పెడుతున్నాడు.

అంకుల్ తాళం ఆగిపోయింది. "దిస్ ఈజ్ రేసిస్ట్" అంటూ ఆపేశాడు.

మేం ఇల్లు మారే నాటికి ఆ రెండో వైపు మీద టేపు అంటించి ఉంది. మొదటి వైపు మాత్రం మోగుతూనే ఉంది.