ఇంకో పొర వేసి పోతా

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన ఏడు, ఆమె దినాల వంట ఆమె పెంచుకున్న కనకాంబరాల మడిలోనే చేసినారు. బంగారుపాళ్యంలో మా ఇంటి వెనక అంతకుమించి జాగా లేదు. జనం తొక్కి, పొయ్యిల కింద కాలి, ఆ నేల బండ మాదిరి అయిపోయింది. ఒక్క మొక్క మిగల్లేదు.

చుట్టాలు పోయినాక నాయన పలుగు తీసుకుని దాన్ని తవ్వబోయినాడు. నోరు తెరవని మనిషి, దుఃఖమంతా ఆ నేల మీద చూపించినాడు. అమ్మను కన్న మా అవ్వ తలుపు చాటున నిలబడుకోనుంది. అల్లుడికి ఎదురుపడి మాట్లాడే వాడుక అప్పట్లో మా వైపు అత్తలకు లేదు. ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పించేది.

"తవ్వొద్దని చెప్పు పాపా మీ నాయనకి. కాలిపోయిన నేలను ఇంకా పొడిస్తే ఏమొస్తాది? పైన కప్పితే అదే మెత్తబడతాది."

నాయన పక్కనే ఉన్నా, ఆ మాట నేను మళ్లీ చెప్పినాను. ఆయన పలుగు గోడకు ఆనించినాడు.

అవ్వ పేడ పరిచి, దాని మీద శెనక్కాయ పొట్టు, ఆపైన తోపులో రాలిన మామిడాకు వేసి నీళ్లు చల్లింది. దినాలైపోయినాయి, ఇంక ఆమె తన ఊరికి పోవాల్సిందే. కూతురు లేని ఇంట్లో అత్త ఎన్నాళ్లుంటుంది? ఆమె పోతే నేనూ, మాట్లాడని నాయనా మిగులుతాము. ఆ భయంతో నాకు అన్నం సహించేది కాదు. ఎప్పుడు పోతావవ్వా అంటే, "ఇంకో పొర వేసి పోతాలే" అనేది. ఆ పొర అణిగేలోపల నాయన చేత ఎండిన చెరుకాకు తెప్పించేది. నేనూ నాయనా కలిసి పరిచేవాళ్లం. తడుందా చూడమ్మా అని నాయన నన్ను అడగడం అట్ల మొదలైంది.

వానలు పట్టినాక ఒక పొద్దున అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆకుల కింద పెట్టింది. మణికట్టు దాకా దిగిపోయింది. లోపల నల్లగా, చల్లగా ఉంది. వానపాములు కదులుతున్నాయి. నేను భోరున ఏడ్చినాను. నేల మెత్తబడిందంటే అవ్వ పోతుందని నాకు తెలుసు.

ఆమె కనకాంబరం నారు నాటి, ఆ సాయంత్రం బస్సెక్కే ముందు, మొదటిసారి నాయన ముఖం చూసి మాట్లాడింది. "బిడ్డతో మాట్లాడతా ఉండు నాయనా." నాయన తల ఊపి, నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. రాలిన ఆకు ఊడ్చి పారెయ్యను, మడిలో పరుస్తాను. చావు జరిగిన ఇంట్లో ఎట్ల పోయినారని తవ్వి అడగను, ఏదో పని చేసుకుంటూ ఇంకో రోజు ఉండి వస్తాను. కానీ మెత్తటి మట్టి చేతికి తగిలితే మాత్రం నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.