బావ విమానానికి నేనిచ్చిన సలహాలు

పోయిన వారం మా వీధి చివరింటి అమ్మాయి నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది. ఇంజనీరింగు రెండో సంవత్సరం. కాలేజీలో ఏదో పోటీకి బ్యాటరీతో ఎగిరే చిన్న విమానం తయారు చేస్తున్నారట. దానికి రేడియో సెట్టు ఏది కొనాలో, బ్యాటరీ ఎంతది వేయాలో నన్ను అడగమని వాళ్లమ్మ పంపిందట. వరండాలో కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. మొదటిసారి ఎగరేసేవాళ్లకు రెక్క పైన ఉండి నెమ్మదిగా పోయే విమానమే మేలని, నాలుగు చానెళ్ల కొత్త రకం రేడియో చాలని, చేతిలో పట్టుకునే సెట్టూ విమానంలో కూర్చునే రిసీవరూ ఒకదానికొకటి సరిపోయేవి తీసుకోమని చెప్పాను. సిగ్నల్ తెగితే మోటరు దానంతటదే ఆగిపోయేలా ముందే అమర్చుకోవాలి. విమానాన్ని నేల మీద పెట్టించి, సెట్టు పట్టుకుని దూరంగా నడుస్తూ పోయి, తోక ఇంకా మాట వింటోందో లేదో చూసుకోవాలి. మోటరు మీద ఎన్ని సెల్లులని రాసి ఉంటే అన్నే వేయాలి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. లిథియం బ్యాటరీ ఉబ్బినా, దెబ్బ తిన్నా దాన్ని ఇక ముట్టుకోవద్దు. అమ్మాయి అంతా శ్రద్ధగా రాసుకుని, "మస్తు తెలుసు సార్ మీకు" అని లేచి వెళ్లింది. తెలుసు, నిజమే. ఎప్పుడు తెలుసుకున్నానో ఆ అమ్మాయి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణో లేదో నాకే నమ్మకం లేదు.

నేను ఇబ్రహీంపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. చెప్పడమంటే పుస్తకంలో ఉన్నదాన్ని బోర్డు మీదికి ఎక్కించడం. ల్యాబులో మీటరు సూది వణికితే బల్ల కుదురుగా లేదనేవాణ్ణి. పిల్లలు నమ్మి బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెట్టేవాళ్లు. మా బావ, అంటే మా అక్క భర్త, ఏడో తరగతితో బడి మానేసినవాడు. బస్టాండు వెనక సందులో బోరు మోటర్లకు రాగి తీగ చుట్టి వైండింగు చేసే దుకాణం ఆయనది. కాలిన మోటరును విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, లోపల ఏం జరిగిందో చూసినట్టుగా చెప్పేవాడు. ఇటు మంచాల ఊరి నుంచి, అటు అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి రైతులు మోటర్లు తెచ్చి ఆయన దుకాణం ముందే దించేవారు. అంత పనితనమున్న మనిషి నా ముందు మాత్రం ఏమీ తెలియనివాడిలా కూర్చునేవాడు. అందుకు కారణం మా అక్క. అమ్మ పోయినప్పుడు అక్క తన చదువు ఆపేసి నన్ను చదివించింది. నా చదువే ఆమె తన జీవితంలో సాధించినదని అనుకునేది. కాబట్టి ఆ ఇంట్లో బియ్యం రకం నుంచి కంటి ఆపరేషన్ దాకా నేనన్నదే మాట. నాకూ అలవాటైపోయింది.

బావకు యాభై ఏడో ఏట విమానం పిచ్చి పట్టింది. తుక్కుగూడ వైపు మోటరు విప్పడానికి పోయినప్పుడల్లా, నెత్తి మీదుగా దిగే విమానాలను చూస్తూ పానా చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయేవాడట. తర్వాత ఫోన్లో ఎవరో థర్మాకోల్ విమానం ఎగరేసే వీడియో కంటబడింది. ఇక రోజూ దుకాణంలో పని తక్కువగా ఉన్న మధ్యాహ్నాలు దానికే పోయాయి. టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్‌ను వేడి తీగతో కోసి రెక్కలు చేశాడు. నడుమ వెదురు బద్ద పెట్టాడు. అంచులకు ఎర్ర టేపు అంటించాడు. అయ్యాక రెండు వేళ్ల మీద నిలబెట్టి నాకు చూపించాడు. అటూ ఇటూ ఒరగకుండా గాలిలో వేలాడినట్టు నిలిచింది. అక్క ముసలోనికి ఆటబొమ్మ అని నవ్వింది గానీ, టేపు ముక్కలన్నీ కత్తిరించి ఇచ్చింది ఆమే. చిన్న మోటరు కూడా తనే చూసుకుని తెచ్చుకున్నాడు. అక్కడిదాకా ఎవరినీ ఏమీ అడగలేదు. రేడియో, బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి నా దగ్గరికి వచ్చాడు.

"గివి నాకు సమజ్ కావు బామ్మర్ది. నువ్ ఏది జెప్తె గది తెస్త" అన్నాడు.

నాకూ తెలియదు బావా అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నోరు రాలేదు. అక్క అక్కడే గడప మీద కూర్చుని ఉంది. రెండు రోజులు ఆగమని చెప్పి, ఇంటికి పోయి నాలుగు వీడియోలు సగం సగం చూశాను. తర్వాత ఇద్దరం పట్నం పోయి ఆ సామాన్లు అమ్మే దుకాణంలో నిలబడ్డాం. అతను రెండు సెట్లు ముందు పెట్టాడు. ఒకటి కొత్త రకం, పొట్టి యాంటెన్నాది. రెండోది ఎవరో వాడి ఇచ్చిన పాత రకం, బయటికి లాగితే చేతికర్ర పొడుగున్న యాంటెన్నాది. కొత్తవాళ్లకు కొత్తదే మంచిదని దుకాణం మనిషి రెండుసార్లు అన్నాడు. నేను యాంటెన్నా ఎంత పొడుగుంటే అంత దూరం అందుతుందని, పాఠం చెప్పే గొంతుతో, అక్కడున్న అందరికీ వినపడేలా చెప్పాను. బావ పాతదే తీసుకున్నాడు. బ్యాటరీ దగ్గర ఆయన కొంచెం తటపటాయించాడు. మోటరు మీద రెండు సెల్లులని రాసి ఉందని వేలు పెట్టి చూపించాడు. కంపెనీవాళ్లు ఎప్పుడూ తగ్గించే రాస్తారు, మూడు సెల్లులది, పెద్దది తీసుకో, ఎక్కువసేపు ఎగురుతుంది అన్నాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూసి, "జర బరువైతదేమో" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా కరెంటు ఎక్కువై కాలిన మోటర్లను బాగు చేసినవాడు. నేను నవ్వాను. ఆ నవ్వుకే ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

పాత సెట్టు పెట్టెలో ఒక పల్చని ఇంగ్లీషు పుస్తకం ఉంది. బావ దాన్ని గుడ్డతో తుడిచి నాకిచ్చి, ఇందులో ఏముందో చదివి చెప్పమన్నాడు. ఇంటికి తెచ్చి సొరుగులో పడేశాను. మర్నాడు అడిగితే, అన్నీ మామూలు సంగతులే బావా అన్నాను. విమానంలో రిసీవరు నుంచి ఒక సన్నటి తీగ మూరెడు పైగా బయటికి వేలాడుతుంటే, అది గాలికి అడ్డమవుతుంది, చుట్ట చుట్టి లోపల పెట్టెయ్ అన్నదీ నేనే. ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఆ తీగను, వైండింగు చేసినంత పొందికగా, అగ్గిపెట్టెంత చుట్టగా చుట్టి లోపల అమర్చాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, మంచాల రోడ్డు పక్కన కోతలైన మడి చూసుకుని ముగ్గురం పోయాం. అక్క డబ్బాలో గారెలు తెచ్చింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సెట్టు ఆయన చేతిలో, విమానం నా చేతిలో. ఆయన తలూపగానే పరుగెత్తి విసిరాను. అది ఒక్కసారి కిందికి కుంగి, మళ్లీ లేచి, ఎర్రటి అంచులతో ఎండలోకి ఎక్కింది. ఆ క్షణాన బావ ముఖం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. నోరు కొద్దిగా తెరుచుకుని, కళ్లు ఆర్పకుండా, బడి ఎగ్గొట్టినవాడిలా ఉన్నాడు. రెండు చుట్లు చక్కగా తిరిగింది. అక్క గారెల డబ్బా కింద పెట్టి చప్పట్లు కొట్టింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, అంతా నా పుణ్యమే అన్నట్టు నిలబడ్డాను.

మూడో చుట్టుకు అది కొంచెం దూరం పోయింది. బావ మళ్లించబోయాడు, మళ్లలేదు. "మాట ఇంటలేదు" అన్నాడు మెల్లగా. మోటరు గుయ్యిమంటూనే ఉంది. అది నేరుగా, ఎవరో పిలిచినట్టు, మడి అవతల బర్రెల కొట్టం వైపు పోయి, దాని పక్కనున్న వరిగడ్డి వాములో ముక్కు దాకా దిగబడింది. పడిపోయిందిలే అనుకుని నేను మెల్లగా నడవడం మొదలుపెట్టాను. బావ మాత్రం సెట్టు పారేసి ఉరికాడు. నలిగిన బ్యాటరీ ఏం చేస్తుందో నాకు తెలియదు, ఆయన ఊహించాడు. సగం దూరం పోయేసరికి వాములోంచి తెల్లటి పొగ, దాని వెనకే మంట. కొట్టంలో ఒక బర్రె నైలాన్ పలుపుతో కట్టేసి ఉంది. బావ వంగి ముడి విప్పుతుండగానే, వాములోంచి ఎగిరిన నిప్పు పడి ఆ పలుపు అంటుకుని, కరిగి, ఆయన కుడిచేతికి అతుక్కుంది. ఆయన విప్పడం ఆపలేదు. బర్రె బయటపడింది. ఆ కొట్టం రైతు, ఆయన భార్య, ఊళ్లోవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తే వాము సగం మిగిలింది.

జనం మూగారు. ఆ గుంపులో ఊళ్లో పాలకేంద్రం నడిపే నడివయసు మనిషి ఒకడు, నా పాత విద్యార్థి, నన్ను గుర్తుపట్టి ముందుకు వచ్చాడు. "మీరుండంగ ఇట్లెట్లయింది సార్?" అన్నాడు.

ఆ 'సార్' నా చెవిలో పడింది. నేనన్నాను: "నేను చెప్పిన. ఇంటెనా?"

అంతే మాట. పక్కనే అక్క ఉంది. నాలుగడుగుల దూరంలో బావ, తడి తువ్వాల చేతికి చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. తర్వాత రైతు వైపు తిరిగి, "తప్పు నాదే అన్నా. రేపు పొద్దుగాల గడ్డి తెచ్చి వేస్త, నీ పసులకు ఫికర్ చెయ్యకు" అన్నాడు. అన్నట్టే మర్నాడు చేతికి కట్టుతో ట్రాక్టరులో గడ్డి తెచ్చి, దింపేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు దవాఖానకు పోయే దారిలో ఆటోలో అక్క ఆయన్ను ఒకటే తిట్టింది. తమ్ముడు అంత చదువుకున్నోడు, వాడు చెప్తే వినకుండా సొంత తెలివికి పోయినవని. ఎదురుగా కూర్చుని నేను బయటికి చూస్తూ ఉన్నాను.

ఆ సాయంత్రం సొరుగులోంచి పుస్తకం తీశాను. రెండో పేజీలోనే ఉంది: రిసీవరు తీగను ఎప్పుడూ చుట్టకూడదు, పూర్తిగా సాగదీసి పెట్టాలి, చుడితే సిగ్నల్ దూరం నుంచి అందదు. కింద దూరం పరీక్ష ఎలా చేయాలో బొమ్మతో సహా ఉంది. అప్పుడు మొదలుపెట్టి బ్యాటరీల గురించి, రేడియోల గురించి దొరికిందల్లా చదివాను. వీధి చివరింటి అమ్మాయికి నేను చెప్పిందంతా ఆ నెలలో నేర్చుకున్నదే.

నెల తర్వాత, ఎవరూ లేనప్పుడు చూసుకుని దుకాణానికి పోయి బావకు చెప్పేశాను. పుస్తకం చదవలేదని, తీగ వల్లే జరిగిందని, బ్యాటరీ కూడా తప్పేనని. ఆయన ఎడమచేత్తో ఏదో బోల్టు తుడుస్తూ విన్నాడు.

"చుట్టలు చుట్టుడే గద నా పని" అన్నాడు చివరికి. "తీగ చుట్టినప్పుడే అనుమానం వచ్చె. నువ్ జెప్పినవని ఊకున్న." బోల్టు పక్కన పెట్టి, "అక్కకు జెప్పకు. నీ సదువు జూస్కొనే అది ఇన్నేండ్లు బతికింది" అన్నాడు.

బావ మాట కాదనలేక ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఊరుకోవడం నాకు ఎంత హాయిగా ఉందో మాత్రం చెప్పుకోలేదు. కాలిన చేయి మానింది గానీ రెండు వేళ్లు వంగడం మానేశాయి. సన్నటి తీగ పట్టు దొరకక, వైండింగుకు వేరే మనిషిని పెట్టుకుని తను బిగింపు పనులకే పరిమితమయ్యాడు. ఇంట్లో చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడినప్పుడల్లా అక్క, తమ్ముని మాట వింటే ఇట్లయ్యేదా అనేది. ఎన్నోసార్లు నా ముందే అంది. బావ నవ్వి ఊరుకునేవాడు. నేను చాయ్ తాగేవాణ్ణి.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. నిరుడు ఒక మధ్యాహ్నం వాళ్లింట్లో కూర్చుని ఉన్నాం. అక్క చిక్కుడుకాయలు తుంచుతోంది. బావ వైండింగు తీగ వేరే కంపెనీది తెప్పిద్దామనుకుంటున్నానని ఆమెతో అన్నాడు. నీకేం తెలుసు, తమ్ముణ్ణి అడిగి తెచ్చుకో అంది అక్క. బావ చిన్నబుచ్చుకోలేదు. నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ముఖం పెట్టి, "ఏ తీగ తేవాలె బామ్మర్ది?" అన్నాడు. తన జన్మంతా ఆ తీగతో బతికిన మనిషి. నా పరువు కోసం నన్ను అడుగుతున్నాడు.

నేనిక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, తప్పు చేసిన పిల్లాడిలా, పుస్తకం, బ్యాటరీ, తీగ, ఆ రోజు జనంలో అన్న మాట, అన్నీ అక్కకు చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. నా ముఖం చూడలేదు. బావ కుడిచేతిని చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఆయనతో, "నాలుగేండ్ల సంది తిట్టుకుంటనే ఉన్న గదనయ్యా నిన్ను" అంది. నాతో ఒక్కటే అడిగింది: "గప్పుడే జెప్తె ఏమైతుండె తమ్మీ?"

"ఇప్పుడు జెప్పిండు గద, పోనియ్" అని బావే అన్నాడు. అక్క ఇప్పటికీ నన్ను ఆదరంగానే చూస్తుంది, కానీ ఏ విషయంలోనూ సలహా అడగదు. బావ అడిగినా, తనే ఏదో మాట కలిపి పక్కకు తప్పిస్తుంది. నిజం చెప్పే ధైర్యం రావడానికి నాలుగేళ్లు పట్టిందని నేను అనుకుంటూ ఉంటాను. ఆ నాలుగేళ్లూ ఖర్చయింది మాత్రం బావ ఆయుష్షులోంచే.