ఎడమ ముందు టైరు

మసి మావయ్యకు ఉన్న జబ్బు ఒకటే, అనుమానం. వాన పడుతోందని ఎవరైనా అంటే గుమ్మంలోంచి చెయ్యి చాచి చూసుకుంటేగానీ నమ్మడు. పాత ట్రాక్టర్ల టైర్లను నిగనిగలాడించడం ఆయన పని. సబ్బునీళ్ళతో తోమి, నీడన ఆరబెట్టి, పగుళ్ళలో నల్లటి రబ్బరు ముద్దను బొటనవేలితో అదిమి, పైన నలుపు పట్టిస్తాడు. మసిపూసి మారేడుకాయ చేస్తాడని వీధిలో వాళ్ళు పెట్టిన పేరే అది. ఆయనా నవ్వేస్తాడు. కాకపోతే ఒక నియమం పెట్టుకున్నాడు: చూపుకు నిలబెట్టే బండైతేనే చేస్తాడు, రోడ్డెక్కే బండి టైరు ముట్టుకోడు.

సోమవారం ఒక కళ్ళద్దాల మనిషి లారీ మీద పాత ట్రాక్టరొకటి తెచ్చి దించాడు.

"ఇది కదలదు మావయ్యా. మా పెరట్లో నిలబెడతాం, అంతే," అన్నాడు.

మావయ్య తలూపాడు గానీ నమ్మలేదు. టైర్లు బాగుచేయించడానికి వచ్చినవాడు టైర్లు చూడాలి కదా? ఇతను మావయ్య చేతులకేసే చూస్తున్నాడు. పైగా రోడ్డుకు అవతల తెల్లకారొకటి అద్దం సగం దించుకుని ఆగి ఉంది. లోపల ఎవరో ఉన్నారు. మంగళవారం కూడా అదే కారు, అదే చోటు.

"తనిఖీకొచ్చాడే వీడు," అన్నాడు భార్యతో, అన్నం ముందు కూర్చుని.

"టైర్లకు నలుపేస్తే తనిఖీ ఏంటయ్యా? నీ అనుమానం పాడుగాను!"

"మరి నా చేతులెందుకు చూస్తున్నాడు?"

"వాటి మసి చూసి జాలిపడుతున్నాడేమో. ముందు కడుక్కునిరా."

బుధవారం మావయ్య కంటికి ఇంకోటి తగిలింది. మూడు టైర్లు ఒకే ఈడువి. ఎడమ ముందుది మాత్రం ఏదో వేరే బండిది.

"ఇదేమైంది బాబూ?"

"పేలిపోయింది. కొని మూడో రోజే, మిట్ట దిగుతుంటే. పన్నెండేళ్ళయింది. మిగతా మూడూ అప్పటివే. మా నాన్న మార్చనివ్వలేదు," అని అతను కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చనివ్వకపోవడమేమిటి? ఇందులో ఏదో మెలిక ఉందనుకుంటూ మావయ్య కుడి ముందు టైరు లోపలివైపు తోమడం మొదలుపెట్టాడు. మట్టి కరిగింది. కింద పగుళ్ళలో పాత రబ్బరు ముద్ద బయటపడింది. దాని మీద వరసగా బొటనవేలి అచ్చులు, ప్రతి అచ్చుకూ అడ్డంగా ఏటవాలు గీత. చిన్నప్పుడు టైరు విప్పే ఇనుపకడ్డీ తగిలి చీలిన తన వేలిని అందులో పెట్టి చూసుకున్నాడు. అతికినట్టు సరిపోయింది.

పన్నెండేళ్ళ కిందట ఈ బండిని తన దగ్గరికి తెచ్చిన దళారి గుర్తొచ్చాడు. 'ఊరికే నిలబెట్టడానికే' అన్నాడు వాడు. కానీ టాంకు నిండా డీజిల్ ఉంది. మావయ్య ఆ రోజే చూశాడు. అప్పట్లో ఇంటి పైకప్పు కారుతోంది, పని కావాలి. లోకంలో ఎవరినీ నమ్మని మనిషి ఆ ఒక్కడి మాటనూ హాయిగా నమ్మేశాడు.

బ్రష్షు చేతిలోనే ఉంది. నాలుగు రుద్దులు గట్టిగా రుద్దితే ముద్ద ఊడిపోతుంది, గుర్తూ పోతుంది. అటూ ఇటూ చూసి ఒక రుద్దు రుద్దాడు. ఒక చోట ముద్ద లేచింది. దాని కింద పగులు వేలెడు లోతుంది. లోపలి దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఇంత పగులునా తను కప్పిపెట్టింది! సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"బాబూ!" అని కేకేశాడు.

కళ్ళద్దాల మనిషి పరుగున వచ్చాడు. మావయ్య మాట్లాడకుండా అచ్చు పక్కన తన వేలు పెట్టి చూపించాడు.

"ఈ వేలి కోసమే తిరిగాం. ఈ పని చేసేవాళ్ళు ఐదుగురున్నారు. మీ దగ్గరికి ఆఖరున వచ్చాం," అన్నాడతను. "గుర్తు చెరిపేస్తారనుకున్నా."

"చెరపబోయాను."

అతను కారు వైపు తిరిగాడు. "రండి. నాన్నకి మీరే చెప్పండి."

మావయ్య చేతులు కడుక్కోకుండానే రోడ్డు దాటాడు. కారు తలుపు తెరుచుకుంది. వెనక సీట్లో పెద్దాయన, ఒళ్ళో ఊతకర్ర. కింద ఒక్కటే చెప్పు.

"ఆ నలుపు నాదేనండి," అన్నాడు మావయ్య.

పెద్దాయన ఆ బొటనవేలిని చాలాసేపు చూశాడు.

"తెలిసే చేశావా?"

"టాంకు నిండా డీజిల్ ఉందండి. చూశాను."